స్పీకర్ కాలితే యాంప్లిఫయర్‌ని అనుమానించాలి

క్లుప్తంగా: ఇంట్లో ఒక పక్క పాట ఆగిపోతే ఆ పక్క స్పీకర్ పోయిందనుకోవడం మామూలు. అసలు తప్పు వైరులోనో, యాంప్లిఫయర్‌లోనో, ఇంటి ఎర్తింగ్‌లోనో ఉండొచ్చు. యాంప్లిఫయర్, స్పీకర్ ఒకదాన్నొకటి చెడగొట్టగలవు కాబట్టి కారణం తేలకుండా ఒకదాన్ని మారిస్తే కొత్తది కూడా పోయే ప్రమాదం ఉంది. తప్పు ఏ వైపుందో తేల్చడానికి మాత్రం పెద్ద సామాను అక్కర్లేదు. కాస్త ఓపిక, ఒక మామూలు మల్టీమీటర్ చాలు.

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఆడియో రిపేరు షాపులో కాసేపు కూర్చుంటే ఇలాంటి కేసు ఒకటి తగులుతుంది. కుడివైపు స్పీకర్ పలకడం మానేసింది. విప్పి చూస్తే కాయిల్, అంటే లోపలి రాగి తీగ చుట్ట, కాలింది. కొత్తది తెచ్చి బిగించారు. స్విచ్ వేయగానే ‘ధబ్’మని ఒక్క చప్పుడు. కోన్, అంటే స్పీకర్ ముందు ఊగే గరాటు, ముందుకు పొడుచుకొచ్చి అక్కడే నిలబడిపోయింది. కాసేపటికే వార్నిష్ కాలిన వాసన. స్పీకర్ నాసిరకం అని కొన్నవాళ్లంటారు, వాడకం సరిగా లేదని అమ్మినవాళ్లంటారు. ఇద్దరూ స్పీకర్ వైపే చూస్తున్నారు. తప్పు దాని వెనకున్న పెట్టెలో ఉంది.

ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు పోతాయి

స్పీకర్‌కి కావాల్సింది ముందుకూ వెనక్కూ ఊగే ఏసీ కరెంటు. ఆ ఊపుతో కోన్ కదిలి గాలిని కదిలిస్తుంది. ఒకే దిక్కున ప్రవహించే డీసీ అందితే కోన్ ఒక పక్కకి నెట్టుకుపోయి ఆగిపోతుంది. శబ్దం ఉండదు, వచ్చిన కరెంటంతా కాయిల్‌లో వేడిగా మారుతుంది.

డ్యూయల్ సప్లై యాంప్లిఫయర్‌లో, అంటే లోపల ప్లస్ 24 వోల్టులు, మైనస్ 24 వోల్టులు ఉండే రకంలో, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒకటి షార్ట్ అయిందనుకుందాం. ఆ 24 వోల్టులు నేరుగా స్పీకర్ మీద పడతాయి. 8 ఓమ్‌ల స్పీకర్ కాయిల్‌ని మీటరుతో కొలిస్తే 6 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. లెక్క కడితే దాదాపు 96 వాట్లు. పాటలో అలాంటి దెబ్బలు క్షణంపాటు వచ్చి పోతాయి. ఇక్కడ ఆగకుండా, ఒక్క సన్నటి రాగి చుట్టలోనే. ఇస్త్రీ పెట్టె కాయిల్ అంత వేడిని తట్టుకునేలా తయారవుతుంది, స్పీకర్ కాయిల్ అలా కాదు.

మంచి యాంప్లిఫయర్లలో దీనికి కాపలా ఉంటుంది. స్విచ్ వేసిన కొన్ని సెకన్లకు ‘టిక్’మని వినిపించే రిలే అదే, కరెంటుతో పనిచేసే స్విచ్. ఔట్‌పుట్‌లో డీసీ కనిపిస్తే రిలే మూసుకోదు, ప్రొటెక్ట్ లైటు వెలుగుతుంది, పాట రాదు. చాలామంది దీన్ని యాంప్లిఫయర్ మొండికేసిందనుకుంటారు గానీ అది స్పీకర్లను కాపాడుతోంది. రిలేకి అడ్డంగా వైరు కలిపి ‘బాగుచేసిన’ సెట్లు కూడా షాపులకి వస్తుంటాయి. అంతకంటే ఖరీదైన రిపేరు ఉండదు.

లోకల్‌గా అసెంబుల్ చేసిన సెట్లలో సంగతి వేరు. మన ఊళ్లలో ఏళ్ల తరబడి పాతుకుపోయిన ఎల్ఏ4440 ఐసీ (శబ్దాన్ని పెంచే చిప్) బోర్డు 12 వోల్టుల సింగిల్ సప్లై మీద నడుస్తుంది. స్టీరియోగా వాడినప్పుడు ఔట్‌పుట్‌కీ స్పీకర్‌కీ మధ్య పెద్ద కెపాసిటర్ ఉంటుంది, అది డీసీని ఆపేస్తుంది. ఐసీ పోయినా స్పీకర్ సాధారణంగా బతుకుతుంది. టీడీఏ2030 వంటి ఐసీలను డ్యూయల్ సప్లై మీద కడితే ఆ కెపాసిటర్ ఉండదు. రిలే ఉన్న ప్రొటెక్షన్ బోర్డు వేయించుకోకపోతే ఐసీతో పాటు స్పీకర్ కూడా పోవచ్చు. రెండూ బయటికి ఒకేలా కనిపించే చెక్క పెట్టెలే. పాత సెట్టుకి ఏమీ కాలేదు, కొత్తది రెండు స్పీకర్లను కాల్చిందంటే తేడా ఇక్కడ ఉండొచ్చు.

దెబ్బ స్పీకర్ వైపు నుంచి యాంప్లిఫయర్‌కి కూడా తగులుతుంది. కాలిన కాయిల్ కొన్నిసార్లు తెగిపోకుండా లోపల చుట్లు అతుక్కుని షార్ట్ అవుతుంది. స్పీకర్ వైరు కొసల్లో ఒక్క వెంట్రుక లాంటి పోగు విడిపోయి పక్క టెర్మినల్‌ని తాకినా అంతే. ఇంటి పట్టున తరచూ జరిగేది ఈ రెండోదే. దుమ్ము దులపడానికి సెట్టు జరిపారు, క్లిప్పులో వైరు కాస్త ఊడింది, పోగులు విడిపోయాయి. ఆ సాయంత్రం పాట పెడితే ఐసీ పోయింది.

తప్పు ఎటు ఉందో తేల్చే పద్ధతి

మెకానిక్‌లు మొదట చేసే పనికి సామాను అక్కర్లేదు. ఎడమ, కుడి మార్చి చూడటమే. యాంప్లిఫయర్‌ ఆఫ్ చేసి, కుడి స్పీకర్ వైరుని ఎడమ టెర్మినల్‌కి, ఎడమదాన్ని కుడి టెర్మినల్‌కి కలపాలి. మూగదనం ఇంకో స్పీకర్‌కి మారితే స్పీకర్లూ వాటి వైర్లూ బాగున్నాయి, తప్పు యాంప్లిఫయర్‌లోనో దానికంటే ముందో ఉంది. అదే స్పీకర్ ఇంకా మూగగా ఉంటే తప్పు స్పీకర్‌దీ దాని వైరుదీ.

తప్పు యాంప్లిఫయర్ వైపే అని తేలితే వెనక ఎరుపు, తెలుపు ఇన్‌పుట్ పిన్నులను తారుమారు చేయాలి. మూగదనం మళ్లీ పక్క మారితే యాంప్లిఫయర్ కూడా బాగున్నట్టే, తప్పు టీవీ నుంచో సెట్ టాప్ బాక్స్ నుంచో వచ్చే కేబుల్‌లోనో, ఆ సామానులోనో ఉంది. మారకపోతేనే మూత విప్పే ఆలోచన.

కానీ మొదట్లో చెప్పిన డీసీ అనుమానం ఉంటే ఇలా మార్చి చూడటం ప్రమాదం. బాగున్న స్పీకర్‌ని కూడా బలిచ్చినట్టవుతుంది. ‘ధబ్’ చప్పుడు, కాలిన వాసన, కోన్ ఒక పక్కకి జరిగి నిలిచిపోవడం, వీటిలో ఏది కనిపించినా స్పీకర్లు ఊడదీసి ముందు మల్టీమీటర్ పట్టుకోవాలి. పాట లేకుండా, వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజీ చూడాలి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మామూలు. వోల్టుల్లో చూపిస్తే ఆ యాంప్లిఫయర్‌కి స్పీకర్ తగిలించకూడదు. ఒక మీటరు కడ్డీని పెట్టె బాడీకి ఆనించి కొలవకూడదు. ఇప్పటి డిజిటల్ యాంప్లిఫయర్ బోర్డుల్లో బాడీతో పోలిస్తే రెండు టెర్మినళ్ల మీదా సప్లైలో సగం వోల్టేజీ ఉండటం మామూలే, అది చూసి బాగున్న బోర్డుని పారేసినవాళ్లున్నారు.

ప్రొటెక్ట్‌లో ఉండిపోయిన యాంప్లిఫయర్‌కి ఇంకా తేలికైన పరీక్ష ఉంది. అన్ని స్పీకర్ వైర్లూ తీసేసి స్విచ్ వేయాలి. రిలే ‘టిక్’మంటే లోపల బాగానే ఉంది, షార్ట్ బయట వైర్లలోనో స్పీకర్‌లోనో ఉంది. అప్పటికీ టిక్ రాకపోతే తప్పు లోపలిది.

ఇక టీవీకి కొత్తగా తగిలించిన హోమ్ థియేటర్ అస్సలు పలకకపోతే ముందు టీవీ సౌండ్ సెట్టింగ్ చూడటం మేలు. ఆప్టికల్ వైరులో టీవీ డాల్బీ రూపంలో పంపుతుంటే దాన్ని విప్పలేని యాంప్లిఫయర్ మౌనంగా కూర్చుంటుంది. టీవీ సెట్టింగ్‌ని పీసీఎం (మామూలు డిజిటల్ రూపం) అని మార్చగానే పలుకుతుంది.

హమ్మింగ్ వస్తే

పాట లేకపోయినా వెనక ‘బుయ్’మనే మోత ఉంటే, వాల్యూమ్ నాబ్ మొదటి సాక్షి. నాబ్ పూర్తిగా తగ్గించినా మోత అలాగే ఉంటే అది సాధారణంగా యాంప్లిఫయర్ పవర్ సప్లైలో పుట్టింది. నాబ్‌తో పాటు పెరిగి తగ్గితే అంతకంటే ముందు, ఇన్‌పుట్ వైపు నుంచి వస్తోంది.

మోత స్వరం కూడా కొంత చెబుతుంది. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ దాటాక అది 100 హెర్ట్జ్ అలలుగా మారుతుంది, ఫిల్టర్ కెపాసిటర్లు వాటిని చదును చేయాలి. అవి ఎండిపోతే ఆ 100 హెర్ట్జ్ కాస్త గరుకుగా, ‘జుయ్’మని వినిపిస్తుంది. ఎర్తు తేడా వల్ల వచ్చేది ఎక్కువగా 50 హెర్ట్జ్, లోతుగా ‘హూం’ అన్నట్టుంటుంది. చెవి అలవాటు పడినవాళ్లు మూత విప్పకుండానే కెపాసిటర్ అని చెప్పేయడంలో మంత్రమేమీ లేదు.

ఎర్తు తేడా అంటే ఏంటి? రెండు సామాన్లు రెండు వేర్వేరు దారుల్లో భూమికి కలిసి, మధ్యలో ఆడియో కేబుల్‌తో కూడా కలిస్తే ఒక చుట్టు ఏర్పడుతుంది. రెండు చోట్ల ఎర్తు వోల్టేజీలో కొద్దిపాటి తేడా ఉన్నా ఆ చుట్టులో కరెంటు పారుతుంది, యాంప్లిఫయర్ దాన్ని పాటలాగే పెంచి వినిపిస్తుంది. కేబుల్ టీవీ ఉన్న ఇళ్లలో మొదటి అనుమానం సెట్ టాప్ బాక్స్ వెనక మరతో బిగించే ఆ లావుపాటి వైరు మీదే, దాని షీల్డ్ (లోపలి లోహపు అల్లిక) ఎక్కడో వీధి చివర స్తంభం దగ్గర భూమికి కలిసి ఉండొచ్చు. ఆ మర ఊడదీయగానే మోత ఆగిపోతే కారణం దొరికినట్టే, మధ్యలో ఆ లోహపు కలయికని విడదీసే ఐసోలేటర్ పెట్టాలి. చార్జింగ్ పెట్టిన ఫోన్‌నో లాప్‌టాప్‌నో ఆక్స్ వైరుతో కలిపినప్పుడు వచ్చే గీగీ శబ్దం కూడా ఈ కోవదే, చార్జర్ తీస్తే పోతుంది.

కొందరు ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసి మోత ఆపుతారు. మోత ఆగుతుంది, నిజమే. కానీ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున ఇనప పెట్టె మొత్తం కరెంటు కొడుతుంది.

రాయలసీమ ఇళ్లలో ఎర్తింగ్ గుంత సంగతి ప్రత్యేకంగా చూడాలి. బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి పూడ్చిన గుంత తడిగా ఉన్నంత వరకే బాగా పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నేల నెర్రెలు విచ్చేటప్పుడు గుంత ఎండి దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. చలికాలంలో లేని మోత ఎండాకాలంలో మొదలై, పెద్ద వాన పడ్డాక తగ్గిందంటే యాంప్లిఫయర్ విప్పాల్సిన పని లేకపోవచ్చు. గుంతలో రెండు బిందెల నీళ్లు పోసి చూడటం మంచిది. పాతకాలం ఎలక్ట్రీషియన్లు ఎండాకాలం రాగానే గుంతలో నీళ్లు పోయమని చెప్పింది ఇందుకే.

పందిట్లోకి వెళ్లిన హోమ్ థియేటర్

చిత్తూరు కాణిపాకం ఉన్న జిల్లా, తిరుపతి గంగ జాతర జరిగే ఊరు. పండగకి వీధిలో మైకు మోగాల్సిందే. వినాయక చవితికి అద్దె సెట్టు దొరకకపోతే ఎవరింట్లోదో హోమ్ థియేటర్ పందిట్లోకి వస్తుంది. చిన్న గదికి తయారైన పెట్టె వీధికి పాడాలి, పొద్దున్నుంచి రాత్రి దాకా. పందిరి విప్పే నాటికి దాంట్లో ఏం జరిగిందో అంచెలంచెలుగా చూడొచ్చు.

మొదటిది లోడు. శబ్దం చాలలేదని ఉన్న టెర్మినల్‌కే ఇంకో స్పీకర్ తగిలిస్తారు. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే 4 ఓమ్‌లు, నాలుగు కలిపితే 2 ఓమ్‌లు. 20 వోల్టుల ఔట్‌పుట్ ఉంటే 8 ఓమ్‌లకి రెండున్నర ఆంపియర్లు, 2 ఓమ్‌లకి 10 ఆంపియర్లు. ఐసీ వేడెక్కి తనంతట తాను ఆగుతుంది, చల్లారాక మళ్లీ పాడుతుంది. ‘ఇరవై నిమిషాలు పాడి ఆగిపోతోంది’ అనే ఫిర్యాదు వెనక చాలావరకు ఈ కథే ఉంటుంది, లేదా ఐసీకీ దాని వేడిని లాగే హీట్‌సింక్‌కీ మధ్య పేస్టు ఎండిపోయి ఉంటుంది.

రెండోది కత్తిరింపు. సప్లై ఇవ్వగలిగినదానికి మించి వాల్యూమ్ పెంచితే అల పైభాగం చదునుగా తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అదే ఎత్తున్న నున్నటి అలకంటే పూర్తిగా చదునైన అల రెట్టింపు పవర్ మోస్తుంది. పైగా తెగిన అంచుల్లో కొత్తగా హై ఫ్రీక్వెన్సీ శబ్దాలు పుడతాయి, అవి పోయేది ట్వీటర్‌కే, అంటే సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్‌కే. ట్వీటర్ ముందు 4.7 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్) కెపాసిటర్ ఉంటే 8 ఓమ్‌ల దగ్గర దాదాపు 4,200 హెర్ట్జ్‌కి పైనున్నదంతా లోపలికి వదులుతుంది. సన్నటి తీగ చుట్టుకున్న ట్వీటర్ ఆ వేడికి ముందు పోతుంది. ‘పెద్ద స్పీకర్ బాగుంది, చిన్నది పోయింది’ అంటే వాల్యూమ్ ఎక్కువసేపు అంచున నడిచిందని అర్థం. చిన్న యాంప్లిఫయర్ పెద్ద స్పీకర్‌ని కాల్చలేదనే నమ్మకం ఇక్కడే బోల్తా కొడుతుంది.

ఈ గందరగోళానికి అట్టపెట్టె మీద రాతలు తోడయ్యాయి. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్) 5000 వాట్లు అని ఉంటుంది. లోపల 12-0-12 (మొత్తం 24) వోల్టుల, 3 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే అది నిలకడగా ఇవ్వగలిగేది 72 వీఏ, అంటే వోల్టులూ ఆంపియర్లూ గుణించిన లెక్క. ఏబీ క్లాసు యాంప్లిఫయర్ వేడికి పోగొట్టేది పోగా రెండు వైపులా కలిపి 40 వాట్ల దగ్గర మిగులుతుంది. ఆ 5000 అనే అంకెని కొలిచి పట్టుకునే ప్రమాణం ఏదీ లేదు. పెట్టె వెనక స్టిక్కర్ మీద ఎన్ని వాట్ల కరెంటు తీసుకుంటుందో రాసి ఉంటుంది. స్పీకర్‌కి నిలకడగా వెళ్లేది అంతకంటే ఎక్కువ ఉండదు.

దూరం కూడా లెక్కే. పందిరి చివరి దాకా సన్న వైరు లాగుతారు. అర చదరపు మిల్లీమీటర్ రాగి వైరు 10 మీటర్లు లాగితే పోను రాను 20 మీటర్లు, దాని రెసిస్టెన్స్ దాదాపు 0.7 ఓమ్. 4 ఓమ్‌ల లోడు మీద పవర్‌లో దాదాపు ఏడో వంతు వైరులోనే వేడిగా పోతుంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ వైరైతే నష్టం మూడో వంతుకి తగ్గుతుంది. శబ్దం తగ్గిందని వాల్యూమ్ ఇంకా పెంచడం, దాంతో క్లిప్పింగ్ ఇంకా పెరగడం. ఇదంతా ఒక చక్రం.

ఎండ, వాన, ఎలుక

తిరుపతి ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం విశేషం కాదు. అద్దాల తలుపులున్న షోకేస్‌లో యాంప్లిఫయర్ పెట్టి, పైన గుడ్డ కప్పి, దాని మీద సెట్ టాప్ బాక్స్ పెడితే లోపలి వేడి ఊహించుకోవచ్చు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా సుమారు సగమవుతుంది. వాటి మీద 85 డిగ్రీలు, 105 డిగ్రీలు అని అచ్చు ఉంటుంది. మార్చేటప్పుడు 105 రకం వేయించుకుంటే ఖర్చు పెద్దగా పెరగదు. తల ఉబ్బిన కెపాసిటర్ ఉత్త కంటికే కనిపిస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ ఇంకో రకం పని చేస్తుంది. పిన్నులు, క్లిప్పులు, రిలే లోపలి కాంటాక్టులు చిలుం పడతాయి. దీనికి ఒక గుర్తుంది: ఒక పక్క శబ్దం సన్నగా, గొంతు పట్టేసినట్టు వస్తుంది, వాల్యూమ్ ఒక్కసారి పెంచితే ‘టప్’మని పూర్తిగా తెరుచుకుంటుంది. ఐసీ మార్చినా ఇది పోదు, రిలే మార్చాలి. నాబ్ తిప్పితే గరగరమంటే లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్ కొడితే సరిపోతుంది.

పిడుగుల రోజుల్లో పవర్ ప్లగ్గు తీసినవాళ్లు కూడా కేబుల్ టీవీ వైరుని మరిచిపోతారు. గాలివానకి వీధిలో న్యూట్రల్ తెగితే కొన్ని ఇళ్లకి 230 బదులు 400కి దగ్గరగా వోల్టేజీ రావచ్చు. ఆ రోజు ఫ్యాన్లు, బల్బులతో పాటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలుతుంది. అప్పటికి ఫ్యూజు బదులు ఎవరో రాగి తీగ చుట్టి ఉంటే నష్టం బోర్డు దాకా పాకుతుంది. ఎలుక కొరికిన వైరు, బోర్డు మీద పడి చచ్చిన బల్లి కూడా రిపేరు షాపులకి కొత్త కాదు.

స్పీకర్‌ని ఇంట్లోనే చూడటం

వైరు ఊడదీసి మల్టీమీటర్‌ని ఓమ్‌ల మీద పెట్టాలి. 8 ఓమ్‌ల స్పీకర్ ఐదున్నర నుంచి 7 మధ్య చూపించాలి, 4 ఓమ్‌లది మూడు, మూడున్నర. అసలు చూపించకపోతే కాయిల్ తెగింది, సున్నా దగ్గర ఉంటే షార్ట్. ట్వీటర్‌తో కలిసిన పెట్టెలో ఈ కొలత ఒక్క పెద్ద స్పీకర్‌దే, ఎందుకంటే కెపాసిటర్ డీసీని ఆపేసి ట్వీటర్‌ని మీటరుకి కనపడనివ్వదు.

మీటరు లేకపోతే ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. టెర్మినళ్లకి ఒక్క క్షణం తాకిస్తే ‘టక్’మనాలి. సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి రావాలి. రెండు స్పీకర్లలో ఒకదానికి వైర్లు తారుమారైతే ఒకటి ముందుకొచ్చేటప్పుడు ఇంకోటి వెనక్కి పోయి బాస్ మాయమవుతుంది. బాస్ తగ్గిందని సబ్‌వూఫర్ కొనేముందు ఇది చూసుకుంటే డబ్బు మిగులుతుంది.

తర్వాత కోన్ మధ్య భాగం చుట్టూ నాలుగు వేళ్లు సమానంగా పెట్టి నెమ్మదిగా నొక్కాలి. మెత్తగా లోపలికి పోయి రావాలి. గరుకుగా రాసుకుంటే కాయిల్ వంగింది, కొన్ని రోజుల్లో తెగుతుంది. అంచున ఫోమ్ రింగు వేలు తగలగానే పొడిపొడిగా రాలితే అది వయసు, కోన్, కాయిల్ బాగుంటే రింగు ఒక్కటి మార్పించుకోవచ్చు.

మూత విప్పాల్సి వస్తే

ఇంట్లో చేసే పని ఇక్కడితో ఆపడం మంచిది. ప్లగ్గు తీసినా పెద్ద కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) బోర్డు ఉన్న సెట్లలో అది 325 వోల్టుల దగ్గర ఉంటుంది.

షాపులో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది సీరీస్ బల్బు. రిపేరు చేసిన యాంప్లిఫయర్‌ని నేరుగా కరెంటుకి పెట్టకుండా 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ద్వారా పెడతారు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే షార్ట్ లేదు, నిండుగా వెలుగుతూ ఉంటే ఇంకా ఉంది, కొత్త ఐసీ కూడా బతికిపోయింది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు, అందుకే మెకానిక్‌లు ఇప్పటికీ పాత బల్బులు దాచుకుంటారు.

రెండోది విడిభాగం. పెద్ద యాంప్లిఫయర్లలో వాడే 2ఎస్‌సీ5200, 2ఎస్ఏ1943 ట్రాన్సిస్టర్ల జతకి నకిలీలు విరివిగా ఉన్నాయి. పైన అచ్చు ఒకటే, లోపలి సిలికాన్ ముక్క చిన్నది. చిన్న వాల్యూమ్‌లో అసలుదానిలాగే పాడుతుంది, గట్టిగా పెట్టిన రోజు పోతుంది. మన వైపు షాపులకి చాలా సరుకు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి వస్తుంది, అక్కడ రెండు రకాలూ దొరుకుతాయి. మరీ చవకగా ఇచ్చారంటే ఏది వచ్చిందో అడగాలి. ఇంకో చిన్న విషయం: టీడీఏ2030 వెనక లోహపు రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. కింద కరెంటు పారనివ్వని మైకా ముక్క వేయకుండా హీట్‌సింక్‌కి బిగించి, ఆ హీట్‌సింక్ బాడీకి తగిలితే షార్టే.

మూడోది, చివర్లో తీసుకునే కొలత. రిపేరయ్యాక స్పీకర్ తగిలించకముందే రెండు వైపులా డీసీ ఎంతుందో మీటరు మీద చూపించమని అడగొచ్చు. తర్వాత పాత స్పీకర్ ఒకటి తగిలించి అరగంట పాడించి, వేడెక్కిన యాంప్లిఫయర్‌ని మళ్లీ కొలిపించాలి. చల్లగా ఉన్నప్పుడు 20 మిల్లీవోల్టులు చూపించి, వేడెక్కాక వోల్టు దాటే బోర్డులు ఉంటాయి. అలాంటిదాన్ని ఇంటికి తీసుకెళ్లకుండా అక్కడే వదిలిరావాలి, స్పీకర్లు ఎలాగూ ఇంట్లోనే ఉన్నాయి.